తెల్లగా మిగిలిన రుమాలు

కిరండూల్

ఏమండీ,

గనివాళ్ళు శిక్షణకు పంపిన ప్రాగ్ నగరంలో ఒక రోజంతా తిరిగి చూశానని మీరు రాసిన ఉత్తరం అందింది. వందల ఏళ్ళ నాటి గడియారం గురించి ఒక్క ముక్క, నది మీది రాతి వంతెన గురించి అర ముక్క రాశారు. మిగతా రెండు పేజీలూ బెంచీల గురించే! చర్చిలోనూ, ట్రాములోనూ, వంతెన దగ్గరా కూర్చునే ముందు రుమాలుతో తుడిచారట. అందరూ మిమ్మల్నే చూశారట. చూడరూ మరి? మన ఇనపగని ఎర్రదుమ్ము అక్కడిదాకా వస్తుందా?

పక్కింటి వరహాలమ్మకు చదివి వినిపిస్తే, "బెంచీలు తుడవడానికి అంత దూరం ఎల్లాలేటమ్మా?" అని పొట్ట పట్టుకుని నవ్వింది. సాయంత్రానికి క్వార్టర్లన్నిటికీ తెలిసిపోయింది.

ఎన్నిసార్లు తుడిచినా రుమాలు తెల్లగానే ఉందని, అది చూస్తే ఇంటి మీద బెంగ పుట్టిందని చివర్లో రాశారు. అది మాత్రం ఎవరికీ చదివి వినిపించలేదు.

ఇంకో ఆరు నెలలు ఉండమంటున్నారు, ఏమంటావని అడిగారు. మీరు వెళ్ళిన రోజు నుంచి వరండాలో మీ కుర్చీ ఒక్కటీ నేను తుడవలేదు. ఇప్పుడు దాని మీద వేలితో పేరు రాయొచ్చు. వచ్చి మీరే తుడుచుకుని కూర్చోండి.

మీ ఎర్ర రుమాళ్ళు ఉతికే మనిషి