జోలపాటకు వెలగని దీపాలు

బుధవారం రాత్రి, దార్సైట్

ఇక్కడి గుడిలో శుక్రవారం జరిగే ప్రోగ్రాంకి ఈ రోజు రిహార్సల్ జరిగింది. మా అక్క కూతురు స్వప్న ఉయ్యాల ఊపుతూ నాట్యం చేస్తే, పక్కన కూర్చుని నేను కన్నయ్యకు జోల పాడాలి. వెనక తెర మీద దీపాలు నా గొంతును బట్టి వాటంతట అవే వెలుగుతాయట. ఒక్కటీ వెలగలేదు. మైకు పెంచితే గజ్జెల చప్పుడుకే వెలుగుతున్నాయి.

“ఆంటీ, జర గట్టిగ పాడండి,” అన్నాడు కంప్యూటర్ చూసే కిరణ్.

“జోలపాట కదయ్యా. గట్టిగా పాడితే కన్నయ్య పడుకుంటాడా?”

“కన్నయ్య పడుకుంటడు గానీ, నా కంప్యూటర్ లేవాలె గద!”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రెండోసారి గొంతెత్తి పాడితే దీపాలన్నీ వెలిగాయి. స్వప్న చెయ్యి కూడా వేగం అందుకుంది. అది పిల్లవాణ్ణి నిద్రపుచ్చే ఊపు కాదు.

గొంతు అందకపోతే రికార్డింగ్ పెట్టేద్దామని కిరణ్ మర్యాదగానే చెప్పాడు. అప్పుడు నేను జనంలో కూర్చుని వినాలి. స్వామికి నేను చేయగలిగిన సేవ ఈ పాట ఒక్కటే.

అయినా మెల్లగానే పాడతాను. దీపాలు లేకపోతేనేం, పసివాళ్లు చీకట్లోనే బాగా నిద్రపోతారు. రేపు కిరణ్‌కు ఈ మాటే చెప్పాలి. ఒప్పుకుంటాడో లేదో...