గుట్ట మీది వంటగదికి నలుగురు వారసులు

జగిత్యాల జిల్లా మెట్‌పల్లి దగ్గరి పల్లెలో పుట్టి, ఒమాన్ దేశంలో నిజ్వాకు అవతల ఒక తోటలో పంపు డ్యూటీ చేస్తూ తల నెరిసిన గుండేటి లింబాద్రి అనే నేను, శుక్రవారం పూట, కడుపునిండా తిని, పూర్తి తెలివితో, ఎవరూ బెదిరించకుండా, ఎవరూ చాయ్ తాగించి మెత్తబరచకుండా, నా ఇష్టప్రకారం చెప్పి రాయిస్తున్న వీలునామా ఇది. నా గుండె బాగాలేదని డాక్టరు చెప్పాడు. బుద్ధి సంగతి ఆయన ఎత్తలేదు కాబట్టి అది బాగున్నట్టే.

వచ్చే వారం వీసా క్యాన్సిల్ చేయించుకుని ఇంటికి పోతున్నాను. హైదరాబాద్‌లో ఆపరేషన్. బతికితే పసుపు చేను చూసుకుంటాను, ఇక్కడికి మాత్రం మళ్ళీ రాను. అందువల్ల ఈ వీలునామా నేను పోయిన నాటి నుంచి కాక, నా విమానం లేచిన నాటి నుంచే అమలులోకి రావాలి. దీన్ని రాసిపెడుతున్న నిజ్వా స్కూలు టీచరమ్మ సుమలత గారు, బతికుండగా ఇస్తే అది వీలునామా కాదు, దానపత్రం అవుతుందన్నారు. పేరేదైనా పెట్టుకోండి మేడమ్, పని కావాలి అన్నాను. ఆమె నవ్వి రాసుకున్నారు.

1. నా భార్య గౌరవ్వకు: పసుపు చేను, ఇల్లు. ఈ రెండూ ఎప్పటి నుంచో ఆమె పేరు మీదనే ఉన్నాయి. నాకు ఇచ్చే హక్కు లేదు. అయినా మొగుడు వీలునామా రాసి తనకేమీ ఇవ్వలేదని ఆమె వాడకట్టంతా చెప్పుకోకుండా ఉండేందుకు మళ్ళీ ఇస్తున్నాను. వాటితో పాటు నిజ్వా బజారులో నేనే ఏరి కొన్న లుబాన్ సంచి. ఊళ్ళో సాంబ్రాణి కన్నా ఇదే బాగుంటుందని, పొగ వేస్తే నేను ఇంట్లో తిరుగుతున్నట్టే ఉంటుందని ఆమె ఒకసారి ఫోన్లో అంది. తర్వాత సిగ్గుపడి, దోమలు కూడా పోతున్నాయని కలిపింది. నేను మొదటి మాటే గుర్తుపెట్టుకున్నాను.

2. నా కూతురు సింధూజకు: ఇత్తడి మేక గంట. పశువుల ఆసుపత్రిలో పనిచేసే పిల్లకు గంట ఎందుకని అడగవద్దు. అది ఎలా వచ్చిందో మూడో అంశంలో ఉంది. బిడ్డా, ఇది చదివి నవ్వు. ఆపరేషన్ అనగానే నువ్వు ఫోన్లో ఏడ్చిన ఏడుపుకు నా రూమ్ వాళ్ళందరూ అన్నం మానేయబోయారు. అది నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో కూడా మూడో అంశంలోనే ఉంది.

3. తోటలో గుట్ట మీది వంటగది. నా ఆస్తిలో అసలైనది ఇదే. నేల మా ముసలి అర్బాబుది, అంటే యజమానిది. గోడలు, రేకులు, తలుపు, పొయ్యి గట్టు నావి. ఆయన బతికుండగా అందరి ముందూ, మాకు అర్థమయ్యే భాషలో, "జమీన్ మాల్ అనా, దీవార్ మాల్ ఇంత" అన్నాడు. భూమి నాది, గోడ నీది అని. ఆ మాట ఎందుకన్నాడో వారసులకు తెలియాలి కాబట్టి మొదటి నుంచి రాయిస్తున్నాను.

మా వంటమనిషి సుమియాతిది ఇండోనేషియా. సుమత్రా దీవిలో అడవి కొట్టి వేసిన రైతుల కాలనీ ఆమెది. సర్కారు జనాన్ని జావా నుంచి తెచ్చి, తలా ఇంత భూమి ఇచ్చి దింపిందట. చుట్టూ అడవి, పక్కన ఏరు. పోలీసులు రావాలంటే తెల్లారుతుంది. అందుకని ప్రతి ఇంటి చూరుకూ బోలు చేసిన కట్టె మొద్దు వేలాడదీస్తారు. దొంగ వస్తే ఒక దరువు, ఇల్లు అంటుకుంటే ఇంకో దరువు, ఏరు పొంగితే ఆగకుండా వాయింపు. విన్నవాడు తన మొద్దు మీద అదే దరువు అందుకుంటాడు. అలా చివరి ఇంటి దాకా పోతుంది. ఒకరి మేక పోయినా కాలనీ అంతా లేస్తుంది. ఆ మొద్దు పేరు కెంతోంగన్. మా నోళ్ళకు తిరగక టకటక అన్నాం.

మా తోట కూడా అలాంటిదే కదా, ఊరికి దూరం, వాదీకి దగ్గర అని ఆమె వచ్చిన కొత్తలోనే పట్టుబట్టింది. వాదీ అంటే ఇక్కడ ఏడాదంతా ఎండి ఉండి, కొండల మీద వాన పడితే ఒక్కసారిగా పారే వాగు. మా వడ్రంగి గంగాప్రసాద్ చేత ఎండిన మామిడి మొద్దు తొలిపించి గుట్ట మీది వంట పందిరి ముందు కట్టించింది. దరువులన్నీ ఓపికగా నేర్పింది. మేం ఒక్కటీ నేర్చుకోలేదు. మాకు టకటక అంటే ఒకటే అర్థం, అన్నం అయింది. ఒకసారి మేకల దొడ్లో నక్క దూరితే ఆమె దొంగ దరువు వాయించింది. మేం పళ్ళేలు పట్టుకుని గుట్ట ఎక్కి బుద్ధిగా వరసలో కూర్చున్నాం. నక్క తన పని తను చూసుకుంది. సుమియాతి నెత్తి కొట్టుకుంది.

ఇక ఆ శుక్రవారం. మా మీద చుక్క వాన లేదు, కొండల మీద మాత్రం మబ్బు పట్టి ఉంది. బిర్యానీ ఆలస్యమైంది. వాదీ ఒడ్డున రూముల్లో అందరం ఆకలితో పడి ఉన్నాం. గుట్ట మీద ఉన్న సుమియాతికి దూరాన ఎర్రటి నీళ్ళు దొర్లుకుంటూ రావడం కనిపించింది. వరద దరువు వాయించింది. మా డ్రైవరు ఖాదర్ కడప మనిషి. "తట్టలు ఎత్తుకోని పైకి రాండ్రా, బిర్యానీ అయింది!" అని కేకేస్తూ అందరికన్నా ముందు పరుగెత్తాడు. వాళ్ళ వైపు తట్ట అంటే పళ్ళెం. మా తెలంగాణలో తట్ట అంటే మట్టి మోసే గంప, పళ్ళేన్ని తల్లె అంటాం. నా రూమ్ పార్ట్‌నర్ పోచన్న, సెలవు రోజు కూడా పని పెట్టారనుకుని, "శుక్రారం సుత డ్యూటీయేనా, గీ బతుకేందిరా" అని తిట్టుకుంటూ దొడ్లో ఉన్న తట్ట నెత్తికెత్తుకుని గుట్ట ఎక్కాడు. అందులో అర్బాబు మేకపిల్లలు రెండు పడుకుని ఉన్నాయి. తట్ట బరువెందుకుందని కూడా వాడు చూడలేదు.

రానిది గంగాప్రసాద్ ఒక్కడే. కూరలో ఉప్పు ఎక్కువైందని వాడు, నాలుక మందమైందని సుమియాతి ముందు రోజు గొడవపడ్డారు. "నాకు ఆకలి లేదు, మీరే తినుండ్రి" అని ముసుగు తన్నాడు. నేను పైకెక్కి వెనక్కి చూస్తే నీళ్ళు దొడ్డి దాటాయి. నా గుండె అప్పుడు బాగానే ఉండేది. దిగిపోయి, తలుపు తన్ని, అంగీ పట్టుకుని ఈడ్చుకొచ్చాను. దారి పొడుగునా వాడు ఆకలి లేదనే అంటున్నాడు. సగం గుట్ట ఎక్కి తిరిగి చూస్తే రూమ్ లేదు. వాడి మంచం, పెట్టె, పళ్ళెం, అన్నీ పోయాయి. పైన కూర్చుని అందరం బిర్యానీ తిన్నాం. ఆకలి లేని గంగాప్రసాద్ మారు మీద మారు వడ్డించుకున్నాడు.

నీళ్ళు తీశాక ముసలి అర్బాబు వచ్చి ముందు మేకపిల్లలను ముద్దుపెట్టుకున్నాడు, తర్వాత మమ్మల్ని చూశాడు. వాటిలో ఒకదాని మెడ గంట విప్పి నా చేతిలో పెట్టి ఏం కావాలో కోరుకోమన్నాడు. గుట్ట మీద గట్టి వంటగది కట్టుకుంటాను అన్నాను. పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, పైన రాసిన మాట అన్నాడు. రూములు మళ్ళీ వాదీ ఒడ్డునే లేచాయి, ఎందుకంటే పంపు అక్కడే ఉంది. వంటగది మాత్రం నేనే పైన కట్టాను. పూటపూటకూ పళ్ళెం పట్టుకుని గుట్ట ఎక్కడం మాకు అలవాటైపోయింది. రేపు వరద వస్తే మా వాళ్ళను ఎవరూ లేపనక్కరలేదు, కాళ్ళే పైకి తీసుకుపోతాయి.

4. ఇప్పుడు అసలు చిక్కు. ముసలి అర్బాబు పోయాడు. కొత్త సూపర్‌వైజర్ జయరాముడు గారు భీమవరం మనిషి. మర్యాదస్తుడు, ఎవరినీ ఏకవచనంతో పిలవడు. కానీ, "ఇన్నిసార్లు ఎక్కడం దిగడం టైము వేస్టండీ, వంటగది రూముల పక్కకి దింపేసుకుందామండీ, వరదకి సైరన్ పెడదామండీ" అంటారు. సైరన్ కరెంటు మీద మోగుతుంది. ఆనాడు వాదీ మొట్టమొదట పీకింది కరెంటు స్తంభాన్నే. ఆయన కొడుకు చిన్న అర్బాబు మాత్రం, వంటగది లింబాద్రిది, అతను ఒప్పుకుంటే దింపుకోండి అన్నాడు. ఇన్నాళ్ళూ నేను ఒప్పుకోలేదు. నేను పోయాక అడ్డం నిలబడే వాడెవడని చాలా రోజులు బెంగపడ్డాను. చివరికి ఉపాయం తట్టింది. వంటగదిని ఈ కింది నలుగురికి పంచుతున్నాను.

అ) రేకులు ఖాదర్‌కు. ఎండలో రేకుల కింద వంట చేస్తే ఎంత ఉక్కపోస్తుందో మాట్లాడకుండా ఉండటం అతనికి చేతకాదు. ఇకనుంచి తన రేకులను తనే తిట్టుకోవచ్చు.

ఆ) తలుపు పోచన్నకు. వాడి గురక నా నిద్రను ఏళ్ళ తరబడి తినేసింది. దాన్ని క్షమించలేదు. తలుపు మాత్రం మంచిది.

ఇ) పొయ్యి గట్టు, టకటక సుమియాతికి. మొదటి నుంచీ ఆమెవే అయినట్టు వాడుతోంది, కాబట్టి కొత్తగా చెప్పేదేమీ లేదు.

ఈ) నాలుగు గోడలు గంగాప్రసాద్‌కు. వాడికి ఆనుకుని అలగడానికి ఏదో ఒకటి కావాలి.

షరతు: ఈ నలుగురూ ఒకే రోజు, ఒకే మాట మీద, ఒకే కాగితం మీద సంతకాలు చేస్తే తప్ప ఎవరి భాగాన్నీ ఊడదీయరాదు, అమ్మరాదు, కిందికి దించరాదు. నేనెరిగి ఈ నలుగురూ పప్పులో చింతపండు వేయాలా వద్దా అన్న దాని మీద కూడా ఒక్క మాటకు రాలేదు. ఆ దేవుడి దయవల్ల ఇక ముందు కూడా రాకూడదని కోరుకుంటున్నాను.

5. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత జయరాముడు గారికే అప్పగిస్తున్నాను. ఇది వెటకారం కాదు. కాగితం మీద ఉన్న మాటను ఆయన ప్రాణం పోయినా దాటరని నాకు నమ్మకం. అయ్యా, మీరు మంచివారు, మా మనుషుల ప్రాణాలు మీ చేతిలో పెట్టి పోతున్నాను. టైము వేస్టయితే కానివ్వండి.

6. నా స్టీలు పళ్ళెం గంగాప్రసాద్‌కు. దాని అంచున గౌరవ్వ పేరు కొట్టించి ఉంది, ఆమె పుట్టింటి సామాను అది. ఆ వరదలో నా చేతిలో ఉన్నది ఇదే. తన పళ్ళెం పోయిన దగ్గర నుంచి వాడు గిన్నె మూతలో తింటున్నాడు. కొత్తది కొనుక్కోరా అంటే వద్దంటాడు. ఆ రోజు గురించి వాడు నాతో ఒక్కసారి కూడా మాట్లాడలేదు. నా కోసం రోజూ గుట్ట మీద చోటు మాత్రం ఆపి ఉంచాడు. నాకు తమ్ముడు లేడు. వాడే నా తమ్ముడని ఇక్కడ రాయించుకుంటున్నాను, ముఖం మీద చెప్తే లేచిపోతాడు కాబట్టి.

7. ఆపరేషన్ బాగా జరిగితే సింధూజ ఫోన్ చేస్తుంది. ఇంకో రకంగా జరిగినా ఆమే చేస్తుంది. ఏ కబురు వచ్చినా సుమియాతి టకటక కొట్టాలి. ఏ దరువన్నది ఆమె ఇష్టం, మన వాళ్ళకు ఎలాగూ తేడా తెలియదు. అందరూ పళ్ళేలు పట్టుకుని గుట్ట ఎక్కాలి, తినాలి. ఆ రోజు ఎవడైనా ఆకలి లేదని ముసుగు తన్ని పడుకుంటే, గంగాప్రసాద్ కిందికి పోయి, తలుపు తన్ని, అంగీ పట్టుకుని వాణ్ణి పైకి ఈడ్చుకురావాలి.

ఆ పడుకునేది గంగాప్రసాదే అయితే, మిగతా ముగ్గురూ పోవాలి. ఈ ఒక్క పనికి వాళ్ళు ఒక్క మాట మీద ఉండటానికి నా అనుమతి ఉంది.

నిజ్వా, 2025 అక్టోబరు 17, శుక్రవారం.

(సంతకం) గుండేటి లింబాద్రి

సాక్షులు (ఆస్తి పొందేవాళ్ళు సాక్షులు కారాదని టీచరమ్మ చెప్పినందున బయటివారు):
1. షారుఖ్, తోట కూరగాయలు మార్కెట్‌కు తోలే డ్రైవరు, హైదరాబాద్
2. జయరాముడు, సూపర్‌వైజర్. రెండుసార్లు చదివి, గుట్ట వైపు ఒకసారి చూసి, సంతకం చేశారు

దస్తూరి: సుమలత, టీచరు, నిజ్వా