పదిమందిలో నలుగురు

అక్కకి,

తమ్ముడు నమస్కారాలతో రాస్తున్నది. మేమిద్దరం ఒంట్లో కులాసాగానే ఉన్నాం. మీరు ముగ్గురూ అలాగే ఉన్నారనుకుంటాను. పాపకి దగ్గు తగ్గిందని రాశావు, మనసు కుదుటపడింది.

నువ్వడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. బడి మా వీధి చివరే ఉంది, పంతులమ్మలు మంచివాళ్లు. నీళ్లకి ఇబ్బంది లేదు. నీ మరదలు చెప్పుల ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీదే ఉంది. బావ కూడా ఆ ఫ్యాక్టరీకే మారే సంగతి చివర్లో రాస్తాను.

మునిసిపాలిటీలో నాకీమధ్య ఒక లెక్క అప్పజెప్పారు. మా ఊరి జనం ఏయే పనుల మీద బతుకుతున్నారో, చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిపితే ఏయే పనుల మీద బతుకుతున్నారో పక్కపక్కన పెట్టి చూపాలి. మీవైపు పొలాలు, పాలడైరీ, ఇటుక బట్టీలు, ఆసుపత్రులు, లారీలు, తలా ఒక దారి. చెప్పుల పనివాళ్లు పదిమందిలో ఒక్కరు కూడా తేలలేదు. ఇక్కడ పదిమందిలో నలుగురు. మిగతా ఆరుగురిలో టీకొట్టు ఆయనా, ఆటో అతనూ, ఇంటి ఓనరూ ఆ నలుగురి జీతం మీదే నడుస్తున్నారు. ఆ ఫ్యాక్టరీ మూతపడితే ఊరే మూతపడుతుంది. ఆర్డర్లు లేక రెండో షిఫ్టు ఎత్తేశారని నీ మరదలు ముందురోజే చెప్పింది మరి.

మా ఆఫీసరుకి చూపించాను. ఆయన తలుపు దగ్గరగా వేసి, "ఇది బయటికి పొక్కితే జనం కంగారుపడతారు. నీ పని అయిపోయింది, ఇక నోరు మెదపకు," అన్నారు. అప్పటినుంచి వీధిలో ఎవరు పలకరించినా తప్పించుకుని పోతున్నాను. క్షవరం చేసే ఆయన షాపుకి కొత్త కుర్చీలు చేయిస్తున్నాడు. వద్దని చెప్పలేక తల వంచుకుని కూర్చున్నాను.

అక్కా, ఇక దాచను. ఇళ్లు దొరకడం లేదని పోయిన ఉత్తరంలో రాసింది అబద్ధం. కావలసినన్ని ఉన్నాయి. మా వరసలోనే మూడు వాకిళ్లకి తాళాలు. ఓనర్లే ఎదురొచ్చి అడుగుతున్నారు. బావ ఎంత ఆశపెట్టుకున్నారో తెలిసి, నిజం రాయడానికి చెయ్యి రాలేదు. నా లెక్క తప్పయితే ఆయన నోటి దగ్గర కూడు నేనే లాగేసినవాణ్ణవుతాను.

నిన్న, బావకి ఇక్కడ పని ఇప్పిస్తానన్న ఫ్యాక్టరీ ఫోర్‌మన్ మా ఇంటికి వచ్చారు. మీకోసం ఇల్లు చూశానా అని అడుగుతారనుకున్నాను. ఆయన మంచినీళ్లు తాగి, వీధి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"మీ బావగారు పనిచేసే పాలడైరీలో ఇంకో మెకానిక్కుని తీసుకుంటారేమో కనుక్కుంటారా? నాకోసమే. ఎవరితోనూ అనకండి."

ఆయన వెళ్లేదాకా నీ మరదలు గోడకి ఆనుకుని నిలబడే ఉంది. తరవాత, "వదినకి మీరు రాస్తారా, నన్ను రాయమంటారా?" అంది.

బావని రాజీనామా ఇవ్వొద్దను. ఇచ్చేసి ఉంటే, ఈ ఉత్తరం అందగానే వెళ్లి, బతిమాలైనా వెనక్కి తీసుకోమను. సామాన్లు కట్టేసి ఉంటే విప్పెయ్యండి. నీ మరదలికి పని ఉన్నన్నాళ్లు మేం ఇక్కడే ఉంటాం. ఆ తరవాత మీ వసారాలో మాకింత చోటుంటుందా? అడగడానికీ భయంగానే ఉంది. అయినా అడుగుతున్నాను.

ఇట్లు,
మీరు రాకూడదని మొదటిసారి కోరుకుంటున్న
నీ తమ్ముడు