ఎనిమిదో చప్పట్లకు వేసిన మార్కులు

డిగ్నాబాద్, పోర్ట్ బ్లెయిర్
బుధవారం

చిరంజీవి గౌతమికి నానమ్మ దీవెనలు.

మీ అమ్మ, నాన్న, నేను ముగ్గురం బాగున్నాం. నా వరకు ఆ మాటకు ఒక సవరణ ఉంది, దాని చోటు వచ్చినప్పుడు రాస్తాను. వారంగా వాన విడవలేదు. మీ నాన్న ఓడ రెండు రోజులు ఆలస్యంగా చేరింది. వచ్చినవాడు వచ్చినట్టే పడుకున్నాడు. నీ ఉత్తరం గురువారం అందింది. అందులో తప్పులు పదకొండు, పోయినసారి పంతొమ్మిది. సంతోషం.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు. సిప్పీఘాట్ తోట నుంచి తెచ్చిన మిరియం తీగ బతికింది, మూడు కణుపులు వేసింది.

రెండోది, డ్రమ్ సింథసైజర్ అనే ఆ యంత్రంలో చప్పట్లు ఎలా పుడతాయో నువ్వు రాసింది నాకు అర్థమైందా అని. అర్థమైంది. అక్కడ చేతులుండవు. సుయ్‌మనే ఒక రొద ఉంటుంది, దాన్ని రెప్పపాటులో నాలుగు తునకలుగా కోస్తారు. తునకల మధ్య ఎడానికి ఒక నాబ్, పదునుకు ఒకటి, చివర గదిలో మోత ఎంతసేపు నిలవాలో చెప్పడానికి ఇంకొకటి. తునకలు మరీ దగ్గరైతే ఒక్క మనిషి, కాస్త ఎడమైతే గుంపు. రికార్డు చేసిన శబ్దం వాడకూడదు, విన్నవాళ్ళు నిజమనుకోవాలి, ఇదీ మీ సౌండ్ కోర్సులో ఆఖరి పరీక్ష. నువ్వు మన వరండాలో శుక్రవారం భజన చప్పట్లను ఎంచుకున్నావు. అవి కుదిరాయో లేదో చెప్పమని నన్ను అడిగావు.

మూడో ప్రశ్న పెద్దది. మీ అమ్మ ఫోన్‌కు నువ్వు ఎనిమిది శబ్దాలు పంపావు. నా నోటుబుక్కులో అన్నీ ఉన్నాయి. మొదటిది: ‘పదును లేదు, తడి గోనె దులిపినట్టుంది’, నూటికి ముప్పై ఒకటి. నువ్వు పదును పెంచావు. నేను చాలదన్నాను. మళ్ళీ పెంచావు. ఎనిమిదోదానికి డెబ్బై రెండు వేశాను. ఇప్పుడు నువ్వు రాస్తున్నావు: మీ సార్ ఎనిమిదోది వినలేకపోయారనీ, మొదటిదే ఇవ్వమన్నారనీ, అయినా ఆ చప్పట్ల మధ్య ముప్పై ఏళ్ళు కూర్చున్నది నానమ్మ కాబట్టి ఎనిమిదోదే ఇస్తాననీ. ఇరవై ఐదో తేదీ గడువు. అది పోతే నీ ఏడాది పోతుంది.

గౌతమీ, ఎనిమిదోది ఇవ్వకు. ఎందుకో చెబుతాను.

మొన్న శుక్రవారం, మీ సార్‌దే తప్పని తేల్చాలని, భజనకు వచ్చినవాళ్ళకు ఎనిమిదోది వినిపించమన్నాను. మీ అమ్మ చిన్న స్పీకర్ తెచ్చి పెట్టింది. పక్కింటి తవిటమ్మ చేతిలో పూల పళ్ళెం కింద పెట్టి చెవులు మూసుకుంది.

“ఏటి టీచరమ్మా ఇది? రేకుల మీద గాజుపెంకులు ఇసిరినట్టుంది. బంద్ కరో, బంద్ కరో.”

“చప్పట్లే. సరిగ్గా విను,” అన్నాను.

“ముందు మీరు ఇనండి. నా పళ్ళు జివ్వుమంటన్నాయి.”

పోస్టాఫీసులో పనిచేసే పద్మిని నవ్వింది. “ఇంకోసారి పెట్టకండి దీదీ, వీధిలో కుక్కలన్నీ వచ్చేస్తాయి.”

మీ అమ్మ స్పీకర్ తీసుకుని లోపలికి వెళ్ళింది. కాసేపటికి తవిటమ్మ గబగబా లేచింది.

“సూడండి, మనం ఇక్కడ కూకుంటే లోపల మొదలెట్టేసినారు. ఎవులమ్మా అది?” అంటూ తనూ చప్పట్లు కొడుతూ గుమ్మం దాటింది. వెనకే అందరూ వెళ్ళారు. లోపల ఎవరూ లేరు, స్పీకర్‌లో నీ మొదటి శబ్దం పెట్టిన మీ అమ్మ తప్ప. ఆ గుమ్మం పక్కనే కూర్చున్న నాకు ఏమీ వినిపించలేదు.

అందరూ వెళ్ళాక మీ అమ్మ నా పక్కన కూర్చుంది. “అత్తయ్యా, మీకు వినబడలేదు కదూ?”

“ఎందుకు వినబడలేదు?”

“అయితే ఇందాక కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసింది?”

“మూడు.”

“కుక్కరే పెట్టలేదు అత్తయ్యా.”

సోమవారం ఆస్పత్రికి తీసుకెళ్ళింది. గాజు గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. తరవాత డాక్టరుగారు గ్రాఫు చూపించారు. ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, దాన్ని చదవడానికి నాకు ఇంకొకరి సాయం అక్కర్లేదు. సన్నని శబ్దాల వైపు పోయేకొద్దీ గీత లోయలోకి దిగిపోయింది. “కబ్ సే మాతాజీ?” అని అడిగారు. ఈ నెల నుంచే అన్నాను. అది అబద్ధం.

నాకు రెండేళ్ళుగా తెలుసు. ఫోన్‌లో నీ మాటలు సగం అందేవి కావు. ఫోన్‌తో భాష పాడవుతోంది, ఉత్తరాలు రాయి అని నీకు నియమం పెట్టింది భాష కోసం కాదు. గొణక్కు, గట్టిగా మాట్లాడు అని మీ అమ్మను ఎన్నిసార్లు కసిరానో లెక్క పెట్టలేదు. సోమవారం ఇంటికి రాగానే క్షమించమన్నాను. “ముందు కాఫీ తాగండి, చల్లారిపోతోంది,” అంది.

సగమే వినబడిన వాటికి మార్కులెందుకు వేశానని నువ్వు అడగవచ్చు. రిటైరయిన పదిహేడేళ్ళలో నన్ను మార్కులు వేయమని అడిగినది నువ్వొక్కదానివే. నాకు తెలియడం లేదంటే మళ్ళీ అడగవేమో అనుకున్నాను. పరీక్షలో చూసి రాసిన పిల్లలను హాల్లోంచి పంపేసిన మనిషిని నేను. నేను చేసినది అంతకంటే తక్కువ తప్పు కాదు. ఎనిమిది వరసలనూ ఎర్ర సిరాతో కొట్టేశాను. నువ్వు ఆ శబ్దాలు పంపకపోతే ఇంకో పదేళ్ళు లోకమంతా గొణుగుతోందనే దబాయించేదాన్ని. ఈ మేలు మరచిపోను.

నిన్నటి నుంచి చెవికి మెషీన్ పెట్టుకుంటున్నాను, పది రోజులు పెట్టుకుని చూడమన్నారు. అరిటాకు మీద వాన చినుకులు విడివిడిగా పడతాయని మరచిపోయాను. ఈ ఉదయం నీ మొదటి శబ్దాన్ని ఆరుసార్లు పెట్టించుకున్నాను. అది మన వరండాయే. అయితే మూడు తునకలు కలిసి వచ్చి, నాలుగోది వెనకబడుతోంది. “ఆ నాలుగోది సరిచేయమని గౌతమికి చెప్పు,” అన్నాను మీ అమ్మతో.

మీ అమ్మ ఫోన్ పక్కన పెట్టింది. “అది మీరే అత్తయ్యా. రెండేళ్ళుగా మీ చెయ్యి కొంచెం ఆలస్యంగా పడుతోంది. పోయిన సెలవులకు వచ్చినప్పుడు గౌతమి కనిపెట్టింది, శబ్దంలోనూ అలాగే పెట్టింది. మీరు అందుకోవాలని మేమంతా పాట నెమ్మది చేశాం.”

వాళ్ళెవరూ నాకు ఒక్క మాట చెప్పలేదు. నేనేమో భజన సాగదీస్తున్నారని ప్రతి శుక్రవారం వాళ్ళనే కోప్పడ్డాను.

ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. గడువు దగ్గరపడింది కాబట్టి మీ అమ్మ ఫోటో తీసి ఈ రోజే ఫోన్‌లో కూడా పంపుతుంది. మొదటిదే ఇవ్వు. మీ సార్ ఆ నాలుగో తునకను తప్పంటే, ఎవరి చెయ్యో చెప్పు. దాన్ని మాత్రం ముందుకు జరపకు.

ఇట్లు,
నీకు ఎంతో రుణపడిన
నానమ్మ,
అచ్చమ్మ