నంబర్ వన్ ఓడినా నోరెత్తను

ఆదివారం, మధ్యాహ్నం

ఈ క్షణం నుంచి నోటికి తాళం. గొంతు డాక్టరు గారు టార్చిలైటు వేసి చూసి, లోపల చిన్న బొడిపెలు లేచాయన్నారు. వారం రోజులు మాట్లాడకపోతే వాటంతటవే తగ్గుతాయట. అరిస్తే మాత్రం కత్తి పెట్టాల్సి వస్తుందట. శనివారం మళ్లీ చూస్తారు.

ఆ తర్వాతి సోమవారం రికార్డింగు! పదమూడేళ్లుగా మా స్టేషన్‌లో ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్తున్న గొంతు నాదే. ఇప్పుడు పైవాళ్లు మెషీన్ గొంతు పెడతామంటున్నారు. మా సూపరింటెండెంట్ గారు అడ్డం పడి, "ముందు మా అమ్మాయి గొంతు ఒక్కసారి రికార్డు చేసి వినండి" అని ఒప్పించారు. నచ్చితే ఇక ఎప్పటికీ స్టేషనంతా నా గొంతే. నచ్చకపోతే నేను పార్శిల్ ఆఫీసులో మూటలు లెక్కపెట్టుకోవాలి.

అంతా బాగానే ఉంది. రేపటి నుంచే టెన్నిస్ పెద్ద టోర్నమెంట్ మొదలు. దాంతోనే వచ్చింది చిక్కు.

నియమాలు:
మాట లేదు.
గుసగుస కూడా లేదు (అరుపు కన్నా అదే చెడ్డదట!).
టెన్నిస్ మాత్రం చూస్తాను. నా ప్రాణం ఉండగా మానను.

"నంబర్ వన్ ఓడినా నోరెత్తను" అని కాగితం మీద పెద్దక్షరాలతో రాసి టీవీ పక్కన అంటించాను. మా అత్తయ్య నంబర్ వన్‌కి వీరాభిమాని. చదివి, "శుభమా అని ఆట మొదలవుతుంటే ఈ అపశకునపు రాతలేమిటే?" అని చింపేశారు.

సోమవారం, ఉదయం

ఎంత హాయిగా ఉందో! బ్రెడ్డు కొట్టాయన నేను మాట్లాడకపోయేసరికి కోపం వచ్చిందనుకుని ఒక బన్ను ఊరికే ఇచ్చాడు. ఇంత సులువని తెలియక ఇన్నేళ్లూ అనవసరంగా వాగాను.

మా పిల్ల మొదటి రౌండు చిటికెలో గెలిచింది. మా పిల్లంటే నా కడుపున పుట్టింది కాదు, పోయినేడాది ఛాంపియను. నేను చప్పట్లు కొట్టానంతే. మావారు డ్యూటీకి వెళ్తూ, "ఇల్లు ఇలా ఉంటుందని నాకు తెలియనే తెలియదు" అన్నారు. తిరిగి అనలేకపోయాను. పోనీ!

సోమవారం, సాయంత్రం

కొంప మునిగింది.

నంబర్ వన్ ఆట మొదలు. అవతల ఊరూపేరూ తెలియని కుర్రాడు. మొదటి సెట్టు కుర్రాడిది. "మావాడు ఇంకా నిద్ర లేవలేదు" అన్నారు అత్తయ్య. రెండో సెట్టూ కుర్రాడిదే. అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు. మావారు రైల్వే గార్డు. ఆయన పాత సంచిలో జెండాలు కనబడ్డాయి. మనవాడికి పాయింటు వస్తే పచ్చజెండా, పోతే ఎర్రజెండా. అత్తయ్య కూడా భలే ఉందన్నారు.

మూడో సెట్టులో ఆఖరి బంతి నెట్టుకు తగిలి ఇవతలే పడింది. నంబర్ వన్ ఇంటికి! మొదటి రౌండులోనే! నేను సోఫా మీంచి లేచి, కిటికీ దగ్గర నిలబడి ఎర్రజెండా ఊపాను. ఊపుతూనే ఉన్నాను.

మా క్వార్టర్ కిటికీ అవతలే యార్డు. వ్యాగన్లు లాక్కుపోతున్న ఇంజను కీచుమంటూ ఆగిపోయింది. డ్రైవరు దిగి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందక్కా? పట్టా విరిగిందా? ఎవరన్నా పడ్డారా?"

నాకు మాట్లాడ్డానికి లేదు. కాగితం మీద రాసి చూపించాను: నంబర్ వన్ ఓడిపోయాడు.

చదివి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "మొదటి రౌండులోనా! ఎవడి చేతిలో? ఒక్కసారి ఆ ఆఖరి పాయింటు మళ్లీ వేస్తాడేమో చూడనివ్వక్కా" అని కిటికీ ఊచలు పట్టుకుని నిలబడిపోయాడు. వెనకాల వ్యాగన్లూ నిలబడే ఉన్నాయి.

మంగళవారం

పొద్దున్నే మావారికి సూపరింటెండెంట్ గారి పిలుపు. తిరిగొచ్చి మొదలుపెట్టారు.

"నా ఉద్యోగం ఉంచుతావా, ఊడగొడతావా? టెన్నిస్‌కి రైలాపిన ఆడది ప్రపంచంలో ఎక్కడన్నా ఉందా? ఏం, మాట్లాడవేం? ఉలకవు, పలకవు!"

నేను మాట్లాడనని తెలిసే అడుగుతున్నారు. పెళ్లయ్యాక ఈయన ఇంతసేపు ఏకధాటిగా మాట్లాడటం ఇదే మొదటిసారి. మొహం వెలిగిపోతోంది. పాపం, అనుభవించనీ అనుకున్నాను.

చివర్లో అసలు కబురు. పెద్దాయన ఈసారికి పైకి ఫిర్యాదు కాగితం పెట్టకుండా వదిలేశారట. "సోమవారానికి మీ ఆవిడ గొంతు బాగుండాలి. ఆవిడ కోసం పైవాళ్లతో మాట పడ్డాను" అన్నారట. అది విన్నాక నాకు భయం పట్టుకుంది. మా పెద్దాయన పరువు కూడా నా గొంతులోనే ఉంది.

అత్తయ్య నాతో మాట్లాడటం లేదు. నంబర్ వన్ ఓడింది నా రాత వల్లేనట. గోడవైపు తిరిగి కూర్చున్నారు. సాయంత్రం రెండో నంబరు కూడా ఓడిపోయాడు. ఆవిడ గబుక్కున ఇటు తిరిగి, "చూశావా! మావాడొక్కడే కాదు!" అని నవ్వారు. ప్రాణం లేచొచ్చింది.

బుధవారం

మూడో నంబరు, అయిదో నంబరు, కిందటిసారి ఫైనలు ఆడినామె... వరసగా ఇంటిదారి పట్టారు. ఈ ఏడు వీళ్లందరికీ ఏమైంది? మనిషన్నవాడు ఎంతకని ఓర్చుకుంటాడు?

దిండు కనిపెట్టాను. మొహం అందులో దూర్చి అరిస్తే బయటికి ఏమీ వినిపించదు. వినిపించనిది అరుపెలా అవుతుంది? డాక్టరు గారు దిండు సంగతి ఏమీ అనలేదు.

మావారు గుమ్మంలో నిలబడి చూశారు. "నువ్వు దానికి చెప్తున్నావా, అది నీకు చెప్తోందా?" అన్నారు.

గురువారం

ఒప్పుకుంటాను. "అయ్యో" అన్నాను. అది మాట కాదు, ఊపిరి. "అవుట్" అని కూడా అన్నాను. అది ఇంగ్లీషు.

అత్తయ్య జాలిపడి, "నువ్వు నా మోకాలి మీద తట్టు, నీ బదులు నేనరుస్తాను" అన్నారు. ఒకసారి తడితే భేష్, రెండుసార్లు తడితే అయ్యయ్యో, మూడుసార్లయితే తిట్టు. ఏర్పాటు బాగానే ఉంది గానీ ఆవిడ అర్థాలు ఆవిడవి. నేను ఒక్కసారి తట్టి అవతలి అమ్మాయిని మెచ్చుకోబోతే, "నీ మొహానికి టెన్నిసొకటా!" అని అరిచారు. అది నా మాట కాదని ఎవరికి చెప్పుకోను?

మా పిల్ల రెండో రౌండు చచ్చీ చెడీ గట్టెక్కింది. అప్పటికి నా గొంతు భద్రం, అత్తయ్యది పోయింది.

శుక్రవారం

అత్తాకోడళ్లిద్దరం మూగవాళ్లం. మావారు ఈల వేసుకుంటూ తిరుగుతున్నారు. గొంతు తేలిగ్గా ఉంది, మింగితే నొప్పి లేదు. గట్టెక్కినట్టే!

శనివారం

గట్టెక్కలేదు.

డాక్టరు గారి దగ్గర వరండా నిండా జనం. అందరూ గొంతువాళ్లే, అందరికీ మాట బందే. బడి పంతులు గారు, వేలంపాట పాడే ఆయన, ఒక లావుపాటి గాయని. ఎదురుగా గోడ మీద టీవీ, సౌండు లేదు. అందులో మా పిల్ల, మూడో రౌండు. అవతల పళ్లకు క్లిప్పు పెట్టుకున్న చిన్నపిల్ల, క్వాలిఫయింగ్ ఆడి వచ్చిందట. ఆ పిల్ల కొడుతుంటే మా పిల్ల పరుగెడుతోంది!

వరండాలో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. పంతులు గారు గోళ్లు కొరుకుతున్నారు. గాయని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, మేం అప్పటిదాకా ఒకరినొకరం చూసింది లేదు.

ఆ చిన్నపిల్లకి మ్యాచ్ పాయింటు. మా పిల్ల కోర్టు బయటికి వెళ్లిపోయి, వెనక్కి తిరిగి ఎలా కొట్టిందో గానీ బంతి గీత మీద పడింది. బతికింది!

"అద్దీ!" అని అరిచాను. పదమూడేళ్లు ప్లాట్‌ఫారాలు నింపిన గొంతు అది. నా వెనక పంతులు గారు, వేలంపాటాయన, గాయని, వరండా మొత్తం ఒక్కసారి గొంతెత్తింది. కాంపౌండరు చేతిలో సీసా జారి పడింది.

డాక్టరు గారు బయటికొచ్చారు. "ఎవరది?"

అందరం బుద్ధిమంతుల్లా మూగబోయి పక్కవాళ్లను చూపించాం. ఆయన ఒక్కొక్కరినీ కొరకొరా చూశారు. తర్వాత టీవీ వైపు చూశారు.

"స్కోరెంత?"

అందరం చెప్పాం. గట్టిగా, ఒకేసారి.

తర్వాతి రెండు పాయింట్లూ చిన్నపిల్లవే. మా పిల్ల ఓడింది. నా గొంతు కూడా అక్కడే పోయింది. డాక్టరు గారు లోపలికి చూసి, "బొడిపెలు తగ్గాయమ్మా. కానీ ఇప్పటి అరుపుకి అంతా వాచింది. ఇంకో వారం మౌనం" అన్నారు. ఎల్లుండి రికార్డింగని రాసి చూపించాను. "బొంగురుగానే వస్తుంది" అన్నారు.

బస్సులో ఏడ్చాను. మా పిల్ల కోసం కాదు. పార్శిల్ ఆఫీసు కోసం, మాట పడ్డ పెద్దాయన కోసం. ఇంటికొచ్చి జరిగింది రాసి చూపిస్తే మావారు నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. వేడినీళ్లు పెట్టి ఇచ్చి, పక్కన కూర్చున్నారు.

సోమవారం

చిన్న గది, చెవులకు హెడ్‌ఫోన్ డిప్పలు పెట్టుకున్న ఇంజనీరు, మూలన సూపరింటెండెంట్ గారు. వచ్చే రైళ్లు, పోయే రైళ్లు చదివాను. నా గొంతు తుప్పుపట్టిన తలుపులా వచ్చింది. ఇంజనీరు మొహం చిట్లించాడు. పెద్దాయన తన బూట్లు చూసుకుంటున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆఖరి పేజీ మిగిలింది. చదివాను: "రైలు రెండు గంటలు ఆలస్యంగా నడుస్తున్నది. ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి మిక్కిలి చింతిస్తున్నాము."

ఇంజనీరు చెవుల మీది డిప్పలు తీశాడు. "మేడం, ఇంకోసారి."

చదివాను. అతను ఏమనుకున్నాడో, నేరుగా ప్లాట్‌ఫారం మీద మోగించాడు. నిజంగానే రెండు గంటలు లేటయిన రైలొకటి ఉంది. కిటికీలోంచి చూశాం. ఎవరూ తిట్టలేదు. ఎవరూ విచారణ కౌంటర్ మీదికి దండెత్తలేదు. బెంచీ మీద పెద్దావిడ పక్కావిడతో, "ఎంత బాధపడుతోందో పాపం, ఏడుస్తున్నట్టుంది. రైలు లేటయితే ఆ పిల్లేం చేస్తుంది?" అంది.

"ఈ గొంతు బాగయ్యేలోపల అన్నీ చేసేద్దాం" అన్నాడు ఇంజనీరు కంగారుగా. పది నిమిషాల లేటు నుంచి పది గంటల లేటు దాకా అన్నీ చదివించాడు. రైలు రద్దయిందని చదివినప్పుడు అతని కళ్లు చెమర్చాయి.

తేల్చిందేమిటంటే, టైముకొచ్చే రైళ్లు మెషీనుకి, లేటు రైళ్లు నాకు.

సగమే దక్కిందని దిగులుగా నిలబడ్డాను. పెద్దాయన తలుపు దగ్గర ఆగి, "పిచ్చిదానా, మన స్టేషన్‌కి టైముకొచ్చే రైలెక్కడుంది? రోజంతా నువ్వే" అన్నారు.

మంగళవారం, ఉదయం

ఈ రోజు నుంచి మళ్లీ మౌనం. ఈసారి నిజంగా. డాక్టరు గారి మీద ఒట్టు.

నియమాలు పాతవే. దిండు కూడా నిషేధం.

క్వార్టర్ ఫైనళ్లు మొదలు. పళ్లక్లిప్పు పిల్ల నిన్న ఇంకొకర్ని ఓడించి ఇందులోకొచ్చింది. మా పిల్లను ఓడించింది గాబట్టి ఇక ఇదే మా పిల్ల. అత్తయ్యదీ అదే మాట, గొంతు రాక చేతులతో చెప్పారు.

పదకొండు: ఆట మొదలు. నేను రాయిలా కూర్చున్నాను.

పదకొండూ ఐదు: అబ్బా, ఏం కొట్టింది! (రాశానంతే. అనలేదు.)

పదకొండూ పది: అన్నాను. మౌనం భోజనాలయ్యాక మొదలు.