రిజిస్టరు నిండా తలనొప్పి

మంగళవారం, కోరుట్ల.

ఒకప్పటి నా విద్యార్థి, ఇప్పటి కాలేజీ ప్రిన్సిపాల్, కొత్త కౌన్సెలింగ్ గది చూపించాడు. మనసు బాగాలేని పిల్లలు వచ్చి మాట్లాడుకునే గది. తలుపు దగ్గరే రిజిస్టరు: పేరు, వచ్చిన కారణం. అందరూ 'తలనొప్పి' అనే రాశారు.

"తలనొప్పి తప్ప మా పిల్లలకు ఇంకేం బాధ లేదు సార్," అన్నాడు గర్వంగా. చదివింది అర్థం కాకపోవడం వీడికి అప్పటినుంచీ ఉంది.

పేజీ తిప్పితే మా మనవరాలు స్వాతి పేరు, మూడుసార్లు.

ఇంటికొచ్చి అడిగాను.

"గాడ రాసింది అందరు సదువుతరు తాతా. ఇంకేం రాయాలె?"

"మరి నాకు చెప్తవా?"

"నువ్వు గూడ కారణమే అడుగుతవు గద."

నిజమే, అదే అడగబోయి ఆగిపోయాను. స్వాతి లేచి వెళ్లలేదు. రేపు ఏమీ అడగకుండా పక్కన కూర్చుంటే ఏం చెబుతుందో.