చెవిలో పోసిన చన్నీళ్లు

మద్రాసు

అన్నయ్యకి, వదినకి, తమ్ముడు నూకరాజు దండాలు పెట్టి రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. అక్కడ మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా?

బాగానే ఉన్నానని రాశాను గానీ అన్నయ్యా, నీకో కష్టం చెప్పాలి. చెప్పకూడదనే అనుకున్నాను. కానీ మన లోవకి కూడా టీబీ అని తేలిందనీ, పోయినేడు నాకు పొడిచిన సూదులే దానికీ మొదలుపెట్టారనీ పోయిన ఉత్తరంలో రాశావు కదా. నీ కూతురి సంగతి చదివాక ఇక దాచడం పాపం అనిపించింది.

నేను బోటెక్కడం మానేసి నెలలైంది. హార్బరులో కూర్చుని చిరిగిన వలలు బాగుచేస్తున్నాను. మొదట తల తిరుగుతుంటే పట్టించుకోలేదు. వేట నుంచి దిగాక కాసేపు నేల ఊగడం మనకేం కొత్త? నాకు మాత్రం ఆ ఊగడం ఆగలేదు. నడుస్తుంటే ఎదుటి మనుషుల మొహాలు ఎగిరెగిరి పడతాయి. చీకటి పడితే గోడ పట్టుకోవాల్సిందే. "పట్టపగలే పట్టించాడ్రా" అని బోటువాళ్లు నవ్వారు. చుక్క ముట్టనివాణ్ని, ఎంత సిగ్గేసిందో! ఒక డాక్టరు నీరసమని సెలైన్ ఎక్కించాడు. ఇంకొకాయన బీపీ అన్నాడు. తిండి పడక అలా అయిందేమోనని నేననుకున్నాను. ఇక్కడ పొద్దుటా సాయంత్రం సాంబారే. వదిన చేతి పులుసు తిని ఎన్నాళ్లయిందో.

చివరికి మా ఓనరు గారు తల తిరుగుడికే ప్రత్యేకంగా చూసే క్లినిక్కుకి పంపారు. అక్కడి డాక్టరు గారిది నెల్లూరు, తెలుగాయనే. మెత్తటి పరుపు మీద నిలబెట్టి కళ్లు మూసుకోమన్నారు. మూసుకున్నానో లేదో ఒరిగిపోయాను. కాంపౌండరు పట్టుకోబట్టి సరిపోయింది. తర్వాత పడుకోబెట్టి, కళ్లకి భూతద్దాల్లాంటి కళ్లజోడు పెట్టి, చెవిలో చన్నీళ్లు పోశారు. "ఇప్పుడు గది గిర్రున తిరుగుతుంది, భయపడకు" అన్నారు. తిరగలేదు. రెండో చెవిలో పోశారు. ఐసు నీళ్లు కూడా పోశారు. ఏమీ కాలేదు! నాకు ప్రాణం లేచొచ్చింది. "నాకేం తిరగట్లేదండి, బాగానే ఉన్నానండి!" అని నవ్వేశాను. ఆయన నవ్వలేదు.

"బాగున్నవాళ్లకే తిరుగుతుంది బాబూ. ఎప్పుడైనా టీబీ సూదులు పొడిపించుకున్నావా?" అని అడిగారు.

మనిషిని తూలకుండా నిలబెట్టేది చెవి లోపల ఉంటుందట. ఆ సూదులు కొందరికి దాన్ని చంపేస్తాయట. నాకు రెండు వైపులా పోయింది, ఇక రాదు. "సముద్రం మాటెత్తకు. నీళ్లలో మునిగావంటే పైకి ఎటో, కిందికి ఎటో నీకు తెలీదు" అన్నారు. ఈతలో మన పేటలో నన్ను మించినవాడు లేడు కదా అన్నయ్యా! బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

నువ్వు మాత్రం బాధపడకు. వానలో కూడా నన్ను సైకిలెక్కించుకుని పిఠాపురం ఆసుపత్రికి తొక్కావు. ఆ సూదులే లేకపోతే నేను అప్పుడే పోయేవాణ్ని. ఇందులో నీ తప్పు ఇసుమంత కూడా లేదు. ఈ మాట మళ్లీ మళ్లీ చదువుకో.

లోవకి మందులు మాత్రం మానిపించొద్దు, నీకు దండం పెడతాను. మానిపిస్తే ఆ జబ్బు పిల్లని దక్కనివ్వదు. చెవుల్లో హోరుందా, నడకలో తూలుతోందా అని అడుగు. ఉంటే ఆ రోజే ఆసుపత్రిలో డాక్టరు గారికి చెప్పు. ఆ సూది ఆపేసి వేరే మందు ఇస్తారట. అమ్మ గాలి సోకిందంటుంది, తాయెత్తు కట్టిస్తానంటుంది. కట్టించనీ, దాంతో ఊరుకోకు.

అమ్మకి నా సంగతి చెప్పకు. వలల పని బాగుందని చెప్పు. ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని ఎండు నెత్తళ్లు పంపు. అమ్మ దీవెన నా మీద ఉండాలి. పేటలో పెద్దలందరికీ దండాలు.

ఈ ఉత్తరం అందగానే లోవని పిలిచి, పాదాలు దగ్గరగా పెట్టించి, కళ్లు మూసుకోమను. నువ్వు చేతులు చాచి పక్కనే ఉండు. నిలబడితే నాకో కార్డు ముక్క రాయి. "నిలబడింది" అని రాస్తే చాలు, ఇంకేం రాయక్కర్లేదు.

నీ తమ్ముడు
నూకరాజు